బోధన్ బీరువాలో లొలిటా గౌను

షిమొత్సుమ అని జపాన్‌లో ఒక చిన్న ఊరు. తోక్యోకు ఉత్తరాన, ఇబరాకి ప్రాంతంలో, వరి పొలాల మధ్య ఉంటుంది. నొవాలా తకెమొతో అనే రచయిత 2002లో ఈ ఊరి పేరే పెట్టి ఒక నవల రాశాడు. 2004లో తెత్సుయా నకషిమా దాన్ని సినిమాగా తీశాడు. బయటి దేశాల్లో అది 'కామికాజే గర్ల్స్' పేరుతో ఆడింది. అందులో మొమొకో అనే అమ్మాయి ఉంటుంది. ఊరంతా సూపర్‌మార్కెట్‌లో చవగ్గా దొరికే బట్టలు వేసుకుంటుంటే, ఈ పిల్ల మాత్రం కుచ్చుల గౌను తొడుక్కుని, తలకు లేసు కట్టుకుని పొలాల మధ్య రోడ్డు మీద నడిచిపోతుంటుంది. ఆ గౌను కోసం గంటల తరబడి రైల్లో కూర్చుని తోక్యోలోని దైకన్‌యామ దాకా వెళ్ళొస్తుంది. చేతిలో మంచి సూది పని ఉంది. కథ మలుపు తిరిగేది ఆ సూది పని దగ్గరే.

పక్కన పొలాలు, పెద్ద బజారుకు పోవాలంటే రైలో బస్సో పట్టుకోవడం, వీధిలో కొత్త బట్ట కనిపిస్తే పదిమంది తలలు తిప్పి చూడటం: నిజామాబాద్–బోధన్ దారిలో ఉండేవాళ్ళకు ఇవేమీ కొత్త కావు. వరికి తోడు ఇక్కడ చెరకు, పసుపు. మొమొకో వేసుకున్న ఆ తీరును లొలిటా ఫ్యాషన్ అంటారు. అందులోనూ పాతకాలం లొలిటా, ఇంగ్లీషు వాడుకలో ఓల్డ్ స్కూల్ లొలిటా, ఇక్కడి బీరువాలో ఉన్నవాటితో ఎంతవరకు కూర్చవచ్చో చెప్పడం ఈ ప్రసంగం పని. రేడియోలో బొమ్మలు చూపించే వీలు లేదు. కొలతలు వచ్చేచోట మాట కాస్త నెమ్మదిగా సాగుతుంది. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే మేలు.

ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు. 1970లో తోక్యోలోని హరాజుకు పేటలో హితొమి ఒకావా అనే ఆమె 'మిల్క్' అనే దుకాణం తెరిచింది. అదే దశకంలో ఇసావో కనెకో 'పింక్ హౌస్' పేరుతో పూల నూలుబట్టకు వరసలు వరసలుగా కుచ్చులు పెట్టి గౌన్లు కుట్టించాడు. 1979లో అదే హరాజుకులో 'ప్రెట్టీ' అనే కొట్టు వచ్చింది. తర్వాత 'ఏంజెలిక్ ప్రెట్టీ'గా పేరు మోసింది ఇదే. 1988లో ఇసొబె దంపతులు 'బేబీ, ద స్టార్స్ షైన్ బ్రైట్' మొదలుపెట్టారు. మొమొకో రైలెక్కి వెళ్ళేది ఈ కొట్టుకే. 1993లో ఒసాకా నుంచి 'మెటమార్ఫోజ్' వచ్చింది. 'మలీస్ మిజెర్' అనే సంగీత బృందంలో గిటారు వాయించిన మనా 1999లో నలుపు మీద నలుపు వేసే గోథిక్ తరహాకు సొంత కంపెనీయే పెట్టాడు.

పెద్ద కొట్ల బట్టలు అందరికీ అందలేదు. హరాజుకులో ఆదివారాలు బండ్లు ఆపేసి జనం నడవడానికి వదిలేసే వీధి ఒకటి 1998 దాకా ఉండేది. అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామంది కొన్నవీ కుట్టుకున్నవీ కలిపి వేసుకునేవారు. షోయిచి అఒకి 1997లో పెట్టిన 'ఫ్రూట్స్' పత్రిక ఇలాంటివాళ్ళ ఫొటోలతోనే నిండేది. 2001లో మొదలైన 'గోథిక్ అండ్ లొలిటా బైబిల్' అనే పత్రిక గౌన్ల ఫొటోలతో పాటు వాటిని ఇంట్లో కత్తిరించుకునే కటింగు పటాలు కూడా వేసింది. కొనలేనివాళ్ళు కుట్టుకుంటారని పత్రిక నడిపేవాళ్ళకు తెలుసు.

పేరు వినగానే నబొకోవ్ 1955లో అచ్చువేసిన నవల గుర్తొచ్చే పెద్దలు ఉంటారు. ఆ కథకూ ఈ బట్టలకూ పొత్తు లేదు. మెడ దాకా కాలరు, మణికట్టు దాకా చేతులు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, ఇదీ దీని పద్ధతి. విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లాండులో పిల్లలకు తొడిగిన గౌన్లు, బొమ్మల పుస్తకాల్లోని ఆలిస్ దీనికి మాతృకలు. వేసుకునేవాళ్ళు చిన్నపిల్లలే అనుకోనక్కర లేదు. 2009లో జపాన్ విదేశాంగ శాఖ ఈ ఫ్యాషన్‌కు రాయబారిగా మిసాకో అఒకిని ఎంపిక చేసింది. మోడల్‌గా ఎంత పేరున్నా ఆమె వృత్తి నర్సు ఉద్యోగం.

పాత తరహాకూ కొత్త తరహాకూ తేడా ఎక్కడ? 2000 తర్వాత నాలుగైదేళ్ళకు గౌన్ల మీద అచ్చుబొమ్మలు వచ్చిపడ్డాయి. కేకులు, చాక్లెట్లు, ఆటబొమ్మలు, కుందేళ్ళు. చక్కెర ఫ్యాక్టరీతో పేరుపడ్డ బోధన్‌కు మిఠాయి గౌను నప్పుతుందని ఎవరైనా సరదాపడవచ్చు గానీ ఆ అచ్చుబట్ట ఇక్కడ దొరకదు, తెప్పించుకుంటే ధర ఆకాశంలో ఉంటుంది. అంతకు ముందున్న పాత తరహా సాదా నూలుబట్ట మీద నడిచింది. నలుపు, తెలుపు, మెరూన్, ముదురు నీలం, లేత గులాబీ. రెండు రంగులు, మించితే మూడు. అలంకారమంతా తెల్ల నూలు లేసు, కుచ్చులు, సన్న మడతలు, రిబ్బను ముడులు. బెల్లు స్లీవుల హంగు, తలమీద పూల బుట్టలు ఇవేవీ లేవు. తల మీద ఒక పొడుగాటి లేసు పట్టీ, గడ్డం కింద ముడి. అంతే. ఇలాంటివి కుట్టడానికి బోధన్ బజారులో దొరకని సరుకు దాదాపు లేదు.

ఇక బీరువా తలుపు తీద్దాం.

బోధన్ చుట్టుపక్కల బీరువాల్లో ఉన్నన్ని రకాల బట్టలు తెలంగాణలో చాలాచోట్ల కనిపించవు. దానికి కారణం నీళ్ళు, చెరకు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్ళు పారాక కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి భూములు కొనుక్కుని 'క్యాంపు'లు కట్టుకున్నాయి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచిన రోజుల్లో నాలుగు దిక్కుల నుంచి మనుషులు వచ్చి చేరారు. పడమటికి పోతే మహారాష్ట్ర సరిహద్దు. దాంతో ఒక ఇంట్లో గోచీ పెట్టి కట్టే మరాఠీ చీర, పక్కింట్లో పట్టు లంగా, ఓణీ, ఎదురింట్లో గోటా అంచు వేసిన ఖడా దుపట్టా, తండాలో అద్దాల పని చేసిన లంబాడీ పేటియా. కుచ్చులు ఎలా నిలవాలో తెలిసిన చేతులు ఈ నేల మీద తక్కువేం లేవు.

వీటిలో లొలిటాకు పనికొచ్చేవి వేరు, రానివి వేరు. జరీ అంచు లంగా ఎంత అందంగా ఉన్నా పాత తరహాకు సరిపోదు. జరీ మెరుపు ముందు నూలు లేసు వెలవెలబోతుంది. అద్దాల పని కూడా అంతే. గల్ఫ్ నుంచి పెట్టెల్లో వచ్చిన మెరిసే పాలిస్టరు ముక్కలు చూడ్డానికి బాగుంటాయి, కుచ్చు పెడితే ఉబ్బి నిలవకుండా జారిపోతాయి, ఎండకు ఒంటికి అతుక్కుంటాయి. వాటిని మళ్ళీ మడతపెట్టి పైఅరలో పెట్టేయడమే.

పనికొచ్చేవి ఇవి: సాదా ముదురు రంగు నూలు చీర ఒకటి. స్కూలు యూనిఫాంలోని తెల్ల చొక్కా. కాన్వెంటు పిల్లలు వేసుకునే చేతుల్లేని పినాఫోరు ఉంటే మరీ మంచిది. పెళ్ళికి కుట్టించిన లంగా కింది క్యాన్‌క్యాన్. తెల్ల నూలు లోపలి లంగా. నల్ల స్కూలు బూట్లు, పైన పట్టీ ఉన్నవి. తెల్ల మేజోళ్ళు. జడ రిబ్బన్లు. కొత్తగా కొనాల్సింది లేసు ఒక్కటే.

కొత్తవాళ్ళు ఎక్కువమంది లేసుతోనే మొదలుపెడతారు. పని చెడేది అక్కడే. లొలిటా గౌనుకు ప్రాణం ఆకారం. నడుము దగ్గర బిగుతుగా పట్టి, అక్కడి నుంచి గంటలా విచ్చుకుని మోకాలి దగ్గర ఆగాలి. ఆ ఆకారం కుదిరితే ఒక్క వరస లేసుతోనైనా అది లొలిటా అని తెలిసిపోతుంది. కుదరకపోతే పది గజాల లేసు కుట్టినా అది స్కూలు యానివర్సరీ నాటకం వేషం. అందుకే లోపలి నుంచి బయటికి కట్టుకుంటూ రావాలి.

అన్నిటికంటే లోపల ఉండేది ఉబ్బు లంగా. జపాన్‌లో దీన్ని పానియే అంటారు. ఇక్కడి టైలర్ల దగ్గర క్యాన్‌క్యాన్ అంటే చాలు. అయితే పెళ్ళి లంగాకు వేసే క్యాన్‌క్యాన్ పాదాల దాకా ఉంటుంది, ఉబ్బు కూడా కిందివైపే ఉంటుంది. మోకాలి గౌనుకు దాన్ని విప్పి మళ్ళీ కట్టుకోవాలి. కొలతలు ఇవి. పైన నూలుబట్టతో ఎనిమిది అంగుళాల లోతు పట్టీ, చుట్టుకొలత గజంపావు, నాడా పోయేలా మడత. దాని కిందికి ఏడంగుళాల వెడల్పున నెట్టు, రెండున్నర గజాలు, కుచ్చు పెట్టి కుట్టాలి. ఆ నెట్టు కిందికి మళ్ళీ ఏడంగుళాల నెట్టు, ఈసారి ఐదు గజాలు. ప్రతి వరసా పైదానికి రెట్టింపు. మొత్తం పొడవు ఇరవై రెండంగుళాలు వస్తుంది. పాత తరహాకు ఇంత ఉబ్బు చాలు. గౌను కింద బుట్ట బోర్లించినట్టు ఉండనక్కర లేదు.

నెట్టు అంచు తొడలకు గీసుకుంటుంది. పాత ఓణీ అంచు కత్తిరించి కింద పట్టీగా మడిచి కుడితే ఆ బాధ పోతుంది. దీని మీద తెల్ల నూలు లోపలి లంగాను మోకాలి దాకా పొట్టి చేసి వేసుకుంటే నెట్టు గీతలు బయటికి కనిపించవు. ఆ లోపలి లంగా బట్ట చాలావరకు పొరుగునే తయారవుతుంది. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసే నూలు బట్టలో పెద్ద భాగం లంగాలకే పోతుంది. చవక, గట్టి, ఉతుకుడుకు ఆగుతుంది.

ఆ తర్వాత గౌను కింది భాగం. దీనికి నూలు చీర. నల్ల చీర శుభం కాదని చాలా తెలుగు ఇళ్ళలో కొనరు, కాబట్టి నల్లది దొరకకపోవచ్చు. బోధన్ వైపు మరాఠీ ఇళ్ళలో మాత్రం నల్ల చీరలు ఉంటాయి. సంక్రాంతికి నలుపు కట్టుకోవడం వాళ్ళ ఆనవాయితీ. నలుపు లేకపోతే మెరూన్, ముదురు నీలం. బీరువాలోంచి తీసిన చీరను వెంటనే కత్తిరించకూడదు. కిటికీ దగ్గర వెలుగుకు అడ్డంగా పట్టుకుని చూడాలి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న చీర ఆ మడత వెంట చివికి ఉంటుంది, వెలుగులో సన్న గీతలా కనపడుతుంది. కుచ్చిళ్ళ చోట, కాలి కింద పడే అంచు దగ్గర నేత పలచబడి ఉంటుంది. ఆ భాగాలు వదిలేసి పని జరగాలి. అమ్మదో అత్తదో అయితే ముందుగా ఒక మాట అడగడం కూడా ఈ పరీక్షలో భాగమే.

చీర పొడవు ఆరు గజాలు, వెడల్పు దాదాపు నలభై ఐదు అంగుళాలు. పొడుగునా మధ్యకు చీల్చితే ఆరు గజాల ముక్కలు రెండు, ఒక్కోటి ఇరవై రెండున్నర అంగుళాల వెడల్పున వస్తాయి. మొదటి ముక్కలో రెండున్నర గజాలు గౌను చుట్టుకు. ఇరవై ఎనిమిది, ముప్పై అంగుళాల నడుముకు ఇది మూడు రెట్లు. కుచ్చుకు కావలసింది అంతే. మిగిలిన మూడున్నర గజాలను ఆరంగుళాల పట్టీలుగా చీల్చితే మూడు పట్టీలు వస్తాయి. అవి కలిపి కుడితే కింది అంచు కుచ్చుకు కావలసిన దానికంటే ఎక్కువే. రెండో సగం చీర అంతా మిగులు: పినాఫోరు పైభాగం, నడుం పట్టీ, వెనక కట్టే పెద్ద ముడి, తల పట్టీ దాంట్లోంచే వస్తాయి. చీర పలచనైతే అస్తరు వేయాలి.

ఇక్కడ చూడాల్సిన విషయం ఒకటి ఉంది. తెలుగు ఇళ్ళలో ఆడపిల్లకు పట్టు లంగా కుట్టిస్తే కింద రెండు మూడు మడతలు వేయించేవారు. పిల్ల ఏటా పొడవు పెరుగుతుంది, పట్టు ఖరీదు, ఏడాదికొకటి కుట్టించలేరు. అందుకని మడత మీద కుట్టు విప్పితే అంగుళమో రెండంగుళాలో దిగేది. విప్పిన చోట రంగు కాస్త నిగనిగలాడుతూ గీత మిగిలేది. అదే మడత పాత లొలిటా గౌను అంచున కనపడుతుంది, సన్నగా, వరసగా మూడో ఐదో. అక్కడ అది అలంకారం. కింది అంచుకు బరువు వచ్చి గంట ఆకారం నిలబడుతుంది కూడా. నిజామాబాద్ టైలరుకు ఈ పని కొత్తగా నేర్పనక్కర లేదు. 'లంగా మడతలే, కాకపోతే అరంగుళం లోతువి' అంటే అర్థమైపోతుంది. అరంగుళం లోతున మూడు మడతలు వేస్తే మూడంగుళాల బట్ట తింటుంది. కింద ఐదంగుళాల కుచ్చు, పైన నడుం పట్టీ కలిపితే గౌను మొత్తం ఇరవై ఐదు అంగుళాలకు అటూఇటూగా, మోకాలి కింద రెండంగుళాల దగ్గర ఆగుతుంది. లోపలి ఉబ్బు లంగా అంతకు మూడంగుళాలు పొట్టి కాబట్టి ఎక్కడా బయటపడదు.

పైన వేసుకునే తెల్ల చొక్కా స్కూలుదైతే జేబు విప్పేయాలి, బ్యాడ్జి గుర్తు ఊడబెరకాలి. సూది కాలరు ఉంటే దాన్ని గుండ్రంగా కత్తిరించి అంచుకు లేసు వేయించాలి. గుండీల పట్టీకి ఇరుపక్కలా సన్న లేసు నిలువుగా దిగాలి. చేతులు పొడుగువి ఉంటే మణికట్టు దగ్గర రబ్బరు వేసి దాని తర్వాత రెండంగుళాల కుచ్చు వదిలితే చాలు. పొట్టి చేతులు కావాలంటే బుట్ట చేతులు. చీర జాకెట్లకు బుట్ట చేతుల మోజు ఎన్నిసార్లు వచ్చి పోయిందో లెక్కలేదు. ఏ గల్లీలోని టైలరైనా కళ్ళు మూసుకుని వేస్తాడు. చీర మీది జాకెట్టునే వాడేద్దామంటే మాత్రం కుదరదు, నడుము దాకా రాదు.

పినాఫోరు దొరికిన ఇంట్లో సగం పని తప్పినట్టే. నల్లదో ముదురు నీలందో అయితే చాలు, ముందే చేతుల్లేని గౌను. కుచ్చులకు బదులు మడతలు ఉన్నా ఫరవాలేదు. అంచుకు ఒక వరస లేసు, ఛాతీ మీద రెండు నిలువు లేసు గీతలు, నడుము వెనక ముడి వేస్తే అప్పటి ఫొటోల్లోని గౌన్లకు చాలా దగ్గరికి వస్తుంది.

లేసు దగ్గర తొందరపాటు పనికిరాదు. నిజామాబాద్ గాంధీచౌక్ చుట్టుపక్కల గానీ, బోధన్ బజార్లో గానీ మ్యాచింగ్ సెంటర్‌లో లేసు అడిగితే ముందు చూపించేది మెరిసే నైలాను రకం. దాన్ని పక్కన పెట్టి నూలు లేసు అడగాలి. రెండు వేళ్ళ మధ్య నలిపితే తెలుస్తుంది: నైలాను గరగరలాడుతుంది, నూలు మెత్తగా ఒదుగుతుంది. అంచు గుండ్రటి పళ్ళలా ఉన్న రకం, అంగుళం నుంచి రెండంగుళాల వెడల్పు. కింది కుచ్చుకు మూడు నాలుగు గజాలు, కాలరుకు, చేతులకు గజంన్నర, తల పట్టీకి గజం, మొత్తం ఆరేడు గజాలు ఒకేసారి, ఒకే చుట్టలోంచి కొనాలి. తర్వాత వెళితే అదే డిజైను ఉండకపోవచ్చు. కుట్టే ముందు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఆరేయాలి. నూలు లేసు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. ఆ పని గౌను మీద జరిగితే అంచంతా ముడతలు.

చేతి లేసే కావాలనుకునేవాళ్ళు నరసాపురం వైపు చూడొచ్చు. 1844 ప్రాంతంలో స్కాట్లాండు మిషనరీలు గోదావరి తీరాన నేర్పిన క్రోషే అల్లిక అది. తరాలుగా ఇళ్ళలో కూర్చుని ఆడవాళ్ళు అల్లుతున్నారు, సరుకు ఎక్కువగా విదేశాలకు పోయింది. అల్లేవాళ్ళ చేతికి దక్కే కూలీ ఎంత తక్కువో మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకమే రాసింది. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గౌనంతా దీంతో వేయించడం ఖర్చుతో కూడిన పని. ఒక్క కాలరు మాత్రం నరసాపురం అల్లికతో వేసుకుంటే చొక్కా తీరే మారిపోతుంది. క్యాంపుల్లో ఉండేవాళ్ళకు కోస్తాలో చుట్టాలు ఉంటారు, వచ్చేటప్పుడు తెమ్మని చెప్పొచ్చు.

తెలుపు సంగతి కూడా చూసుకోవాలి. చొక్కా తెలుపు నీలిమందు వేసి ఉతికిన తెలుపు, నీలి ఛాయ కొడుతుంది. లేసు తెలుపు పచ్చి నూలు తెలుపు, మీగడ ఛాయ. పక్కపక్కన పెడితే ఒకటి మాసినట్టు కనిపిస్తుంది. రెండు దారులున్నాయి. చొక్కాతో పాటు లేసునూ నీలిమందు నీళ్ళలో ముంచడం ఒకటి. రెండోది రెంటినీ పలచటి టీ డికాక్షన్‌లో నానబెట్టి మీగడ రంగుకు తేవడం. టీ దారికి పోతే మేజోళ్ళు, రిబ్బను కూడా అదే నీళ్ళలో పడాలి.

తల పట్టీ ఈ తరహాకు ముద్ర. పది అంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు గల చీర ముక్క. లోపల గట్టిదనానికి బక్రం, అంటే కాలరులో వేసేది. పొడుగు అంచులు రెంటికీ కుచ్చు పెట్టిన లేసు. రెండు చివర్లా గజం చొప్పున రిబ్బను. నడినెత్తి మీద చెవి నుంచి చెవికి పడుకోబెట్టి గడ్డం కింద, కాస్త పక్కకు, ముడి వేయాలి. స్కూలు పిల్లల జడ రిబ్బన్లు ఇందుకు సరిగ్గా సరిపోతాయి. జుట్టు వదులుగా వదిలినా, రెండు జడలు వేసినా బాగుంటుంది. మల్లెపూలు మాత్రం ఆ రోజుకు సెలవు తీసుకోవాలి.

బూట్లు, మేజోళ్ళ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. లండన్ డిజైనరు వివియన్ వెస్ట్‌వుడ్ 1980ల్లో చేసిన మందపాటి చెక్క అడుగు బూట్లను జపాన్ అమ్మాయిలు ఈ గౌన్ల కింద తెగ వాడారు. అవి లేకపోతే గుండ్రటి ముక్కు, పైన పట్టీ ఉన్న నల్ల బూటు వేసుకున్నారు. మన స్కూలు పిల్లలు ఏటా జూన్‌లో కొనే బూటు అదే. పాలిష్ ఒక్కటి చాలు. మేజోళ్ళు మోకాలి కింది దాకా రావాలి. చీలమండ దగ్గర ఆగే పొట్టి రకం వేస్తే గౌనుకూ బూటుకూ మధ్య ఖాళీ పెద్దదై ఆకారం తెగిపోతుంది. జారకుండా పై అంచున అరంగుళం రబ్బరు కుట్టుకోవచ్చు.

ఈ తెలుగు నేలమీద ఇలాంటి గౌను పూర్తిగా పరాయిది అనుకోవడానికి లేదు. ఆడపిల్ల మొదటి పుట్టినరోజుకు కొనే ఫ్రాకులో బుట్ట చేతులు, వెనక ముడి, అంచు లేసు, లోపల నెట్టు అన్నీ ఉంటాయి. క్రిస్మస్‌కు చర్చికి వెళ్ళే ఇళ్ళలో తెల్ల గౌన్లు కుట్టిస్తారు. పదేళ్ళు దాటగానే ఆ ఫ్రాకు బీరువా ఎక్కుతుంది, దాని చోట్లోకి లంగా ఓణీ, పంజాబీ డ్రెస్సు వస్తాయి. హరాజుకు అమ్మాయిలు ఆ దాటిపోయిన గౌనునే ఇరవైల్లో, ముప్పైల్లో తమ కొలతలకు మళ్ళీ కుట్టించుకున్నారు. మెత్తగా, ముద్దుగా ఉండే బట్ట వేసుకునే హక్కు వయసుతో పోదని వాళ్ళు వాదించారు.

ఈ మాట ఇక్కడి టైలరుతో అనాల్సి వచ్చినప్పుడు కాస్త చిక్కు. గౌను అనగానే 'ఎన్నేళ్ళ పిల్లకు?' అని అడుగుతాడు. కొలతలు చూసి 'నాటకానికా?' అని రెండో ప్రశ్న వేస్తాడు. అలాంటప్పుడు ఫోనులో ఫొటో చూపించడం కంటే పని ముక్కలుగా చెప్పడం నయం. చుట్టు రెండున్నర గజాలు, కుచ్చు, కింద అరంగుళం మడతలు మూడు, అంచున ఐదంగుళాల కుచ్చు, దాని మీద లేసు, నడుము పక్కన జిప్పు, అస్తరు నూలుది. ముక్కలన్నీ అతనికి రోజూ అలవాటైన పనులే. కుట్టుమిషన్ ఇంట్లో ఉండి, తిన్నగా కుట్టు వేయడం వచ్చినవాళ్ళకైతే టైలరుతో పనిలేదు. గౌను కింది భాగం అంతా తిన్నటి కుట్లే.

వేసుకుని బయటికి పోయేటప్పుడు రెండు జాగ్రత్తలు. బండి మీద పోవాలంటే ఉబ్బు లంగాను సంచీలో పెట్టుకుని పోయి, చేరాక కట్టుకోవాలి. నెట్టు చైనులోనో చక్రంలోనో పడితే గౌను పోవడమే కాదు, మనిషికీ ప్రమాదం. బస్సులో కూర్చునేటప్పుడు వెనక కుచ్చులను రెండు చేతులతో పక్కకు సర్దుకుని కూర్చుంటే ఆకారం నలగదు, పక్క సీటు వాళ్ళతో పేచీ ఉండదు.

చివరగా కాలం సంగతి. నిజామాబాద్ ఎండలు తెలియనివి కావు. ఏప్రిల్, మే నెలల్లో నలభై ఐదు డిగ్రీలకు చేరే ఊళ్ళో మూడు పొరల లంగా, మెడ దాకా కాలరు వేసుకుని తిరగడం అయ్యే పని కాదు. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా దీని రుతువు. దసరా, దీపావళి ముందు టైలర్ల దగ్గర బట్టలు గుట్టలుగా పడి ఉంటాయి, కొత్త పని చెబితే వినిపించుకోరు. దీపావళి వెళ్ళిన వారానికి గిరాకీ సద్దుమణుగుతుంది. చీర, లేసు అప్పుడు చేతికిస్తే మాఘమాసం పెళ్ళిళ్ళ తొందర మొదలయ్యేలోపు గౌను వచ్చేస్తుంది. హోళీ దాటాక ఉతికి, గంజి పెట్టకుండా ఆరేసి, లేసు లోపలికి వచ్చేలా మడిచి, పాత నూలు చీర ముక్కలో చుట్టి పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో పెడితే లేసు పసుపెక్కుతుంది. కలరా ఉండలు బట్టకు తగలకుండా అర మూలన ఉంచితే చాలు. ఉబ్బు లంగాను మాత్రం మడవకుండా, నాడా పట్టుకుని బీరువాలోని కడ్డీకి వేలాడదీయాలి.